పురుగులు పెరుగుతున్నాయా, మాయమవుతున్నాయా?

గత సంచికలో సముద్రం వేడెక్కడం గురించి రాశాను. ఆ తర్వాత వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం చేపల్లో పురుగుల గురించే. అందుకే ఈసారి జవాబులన్నీ వాటికే కేటాయిస్తున్నాను. ముప్పై ఒక్క ఏళ్లు డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్పాను. అంతకు ముందు భీమిలిలో చేపల తట్ట మోసిన తల్లికి కూతుర్ని. ప్రయోగశాలలో నేర్చుకున్నదీ, అమ్మ కత్తిపీట ముందు కూర్చుని నేర్చుకున్నదీ కలిపే చెబుతాను.

ప్రశ్న: పోయిన ఆదివారం కానగంతలు కొన్నాం. ఒకదాని కడుపు కోస్తే కాలేయం మీద తెల్ల దారంలాంటి పురుగు చుట్ట చుట్టుకుని ఉంది. కదిలింది కూడా. ఒకటే టెన్షన్, చేపలన్నీ పారేశాను. సముద్రం వేడెక్కడం వల్లే ఈ పురుగులు వందల రెట్లు పెరిగాయని మావారు ఎక్కడో చూశారట. నిజమేనా? ఇక చేపలు తినొచ్చా?
— గృహిణి, ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం

అమ్మా, తినొచ్చు. ఆ కానగంతలు పారేయకుండా ఉండాల్సింది. మీరు చూసింది అనిసాకిడ్ కుటుంబానికి చెందిన నులిపురుగు పిల్ల అయి ఉండాలి. కాలేయం మీద, పేగుల మీద అలా చుట్టుకుని పడుకోవడం దాని పద్ధతి. మా అమ్మకు అది రోజూ కనిపించేదే. కత్తి కొసతో తీసి పక్కన పడేసి, “సముద్రంలో పుట్టి పెరిగింది, ఒంట్లో పురుగు లేకుండా ఎలాగుంటాదే” అనేది.

చేప ముక్క లోపలి దాకా 63 డిగ్రీల వేడి తగిలితే ఈ పురుగు చస్తుంది. మన పులుసు అంతకన్నా చాలా ఎక్కువ వేడిలో, చాలాసేపు మరుగుతుంది. అసలు ప్రమాదం పచ్చిగా, సగం ఉడికించి తినేవాళ్లకు. జపాన్‌లో, యూరప్‌లో దీనివల్ల భరించలేని కడుపునొప్పితో ఆస్పత్రికి వెళ్లేవాళ్లున్నారు. అందుకే పచ్చిగా తినే చేపను మైనస్ 20 డిగ్రీల దగ్గర ఏడు రోజులు గడ్డకట్టించాలని అమెరికా ఆహార నియమాలు చెబుతాయి. ఇంటి ఫ్రిజ్ పై అరను నమ్ముకుని ఆ పని చేయకండి. ఇంకో రెండు మాటలు. చేప తేగానే పేగులు తీసేయండి, ఆలస్యమైతే కొన్ని పురుగులు కండలోకి పాకుతాయి. చేప తిన్నప్పుడల్లా దద్దుర్లు వచ్చేవాళ్లు ఇంట్లో ఉంటే డాక్టరుకు ఈ పురుగు సంగతి కూడా చెప్పండి. ఉడికి చచ్చిన పురుగు కూడా కొందరికి అలర్జీ తెప్పిస్తుంది.

ఇక మీవారు చూసిన అంకె. అది ఉత్తిది కాదు. అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వాళ్లు ప్రపంచమంతటి పాత పరిశోధనలను పోగేసి 2020లో ప్రకటించిన లెక్క అది. 1978 నుంచి 2015 లోపు అనిసాకిడ్ కుటుంబంలోని అనిసాకిస్ పురుగు 283 రెట్లు పెరిగింది. మొదట్లో నూరు చేపలు కోస్తే ఒక్క పురుగు కూడా దొరకని స్థితి, చివరికి చేపకు ఒకటికి మించింది. కానీ ఆ లెక్కలోనే ఇంకో సంగతి ఉంది, అది మాత్రం ఎవరూ ప్రచారం చేయరు. అనిసాకిస్‌కు దగ్గరి బంధువు సూడోటెర్రనోవా అనే పురుగు ఉంది. అదే పరిశోధనలో, అదే కాలంలో దాని సంఖ్య పెరగలేదు. నీళ్లు వేడెక్కితే పురుగులు పెరుగుతాయన్నదే సూత్రమైతే, ఒకటి అన్ని రెట్లు పెరిగి రెండోది ఉన్నచోటే ఎందుకు ఉంటుంది?

అనిసాకిస్ పెద్దయ్యేది తిమింగలాలు, డాల్ఫిన్ల కడుపులో. వాటి మలంతో గుడ్లు నీళ్లలో పడతాయి. వాటిని చిన్న రొయ్యజాతి జీవులు, వాటిని చేపలు, చేపలను మళ్లీ తిమింగలాలు తింటాయి. వేటను నిషేధించాక కొన్ని సముద్రాల్లో తిమింగలాలు కోలుకున్నాయి. పురుగు పెరగడానికి అదీ ఒక కారణం కావచ్చని ఆ పరిశోధకులే అన్నారు, వేడినీ కొట్టిపారేయలేదు. అదే నిజమైతే మీ కత్తిపీట మీది పురుగు ఎక్కడో తిమింగలం తిరిగొచ్చిందన్న కబురు.

మన కానగంతల్లో మా అమ్మ కాలం కన్నా ఇప్పుడు ఎక్కువున్నాయా అని అడిగితే, అప్పట్లో లెక్కపెట్టి రాసి ఉంటే తప్ప చెప్పడం కుదరదు. ఈ మాట చివరి ఉత్తరంలో మళ్లీ వస్తుంది.

ప్రశ్న: వేడెక్కితే పరాన్నజీవులు పెరుగుతాయని ఒకచోట, నీటిలో ఆమ్లం పెరిగితే చస్తాయని ఇంకోచోట చదివాను మేడమ్. రెండూ ఒకేసారి జరుగుతున్నాయి కదా. కాలేజీ సెమినార్‌లో ఏం చెప్పాలో తెలియడం లేదు.
— బీఎస్సీ విద్యార్థిని, శ్రీకాకుళం

తల్లీ, “పరాన్నజీవులు” అని గుంపుగా మొదలుపెడితే నీకు జవాబు దొరకదు. ఒక్క పురుగును ఎంచుకుని దాని వెంట నడువు.

1977లో ఎమ్మెస్సీ చదివేటప్పుడు మేం భీమిలిలో గోస్తని నది సముద్రంలో కలిసే చోట, ఆటు వేళ మోకాలి లోతు బురదలో నత్తలు ఏరేవాళ్లం. ఒక్కో నత్తను ఒక్కో బీకరులో వేసి, పైన టేబుల్ లైటు పెట్టి కూర్చునేవాళ్లం. కాసేపటికి కొన్ని బీకర్లలో నీళ్లు మసకబారేవి. చూస్తే తోకలు ఆడిస్తూ వేల సెర్కేరియాలు! ఇవి ట్రెమటోడ్ అనే చదును పురుగు పిల్లలు. తీరపు పక్షి రెట్టతో గుడ్డు బురదలో పడుతుంది, నత్త తింటుంది. పురుగు నత్త బీజాశయాన్ని తినేసి ఆ చోట తన సంతానాన్ని తయారు చేసుకుంటుంది. నత్త బతికే ఉంటుంది, కానీ ఇక గుడ్లు పెట్టదు. అందులోంచి వచ్చిన సెర్కేరియా ఒక పీతలోకో, చిన్న రొయ్యజాతి జీవిలోకో దూరాలి. దాన్ని పక్షి తింటే చక్రం పూర్తవుతుంది.

బయట ఈదుతున్నంతసేపూ సెర్కేరియా ఏమీ తినదు. ఒంట్లో దాచుకున్న గ్లైకోజెనే దాని దారి బత్తెం. అది అయిపోయేలోపు రెండో అతిథేయి, అంటే పురుగు తలదాచుకునే రెండో జీవి, దొరకాలి, లేదంటే చావే. సాధారణంగా ఒక రోజు, మహా అయితే ఇంకొంచెం. వేడి చేసే పని ఇక్కడ రెండు వైపులా కోసే కత్తి. నీళ్లు వేడెక్కితే నత్తలోంచి వచ్చే సెర్కేరియాల సంఖ్య పెరుగుతుంది, కానీ ఒక్కోటి తన బత్తెం త్వరగా ఖర్చు చేసేస్తుంది. మే నెలలో మా బీకర్లు త్వరగా మసకబారేవి. సాయంత్రానికి అడుగున పడి ఉండేవీ ఎక్కువే.

ఇక పులుపు. మనం వదిలే బొగ్గుపులుసు వాయువులో నాలుగో వంతు దాకా సముద్రమే పీల్చుకుంటోంది. దానివల్లే నీళ్లు పులుస్తున్నాయి. ఆ పులుపును కొలిచే అంకె పీహెచ్, అది దిగిందంటే పులుపు పెరిగినట్టు. పారిశ్రామిక కాలం ముందు పైనీటి పీహెచ్ 8.2 దగ్గర ఉండేది, ఇప్పుడు 8.1 దగ్గరికి దిగింది. చిన్న తేడా అనుకోకు. పీహెచ్ లెక్క మామూలు లెక్క కాదు. ఆ 0.1 దిగడమంటే హైడ్రోజన్ అయాన్లు పాతికశాతం పైగా పెరగడం. న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయం పరిశోధకులు నాలుగు రకాల ట్రెమటోడ్ల సెర్కేరియాలను 7.6, 7.4 పీహెచ్ నీళ్లలో పెట్టి చూశారు. వాటి ఆయుష్షు 40 నుంచి 60 శాతం తగ్గింది. రెండో అతిథేయిలో గూడు కట్టుకునే దశ మాత్రం జాతిని బట్టి మారింది. ఒక జాతికి ఏమీ కాలేదు, మరో జాతిలో 78 శాతం దాకా నష్టం. సెమినార్‌లో ఈ అంకెలు చెబితే ఒక జాగ్రత్త కూడా చెప్పు. 7.4 అంటే చాలా పులుపు. మనం ఏమీ మారకపోయినా ఈ శతాబ్దం చివరికి బయటి సముద్రం సగటు 7.8 దరిదాపుల్లో ఉంటుందని అంచనా. కానీ ఏటి మొగల్లో, బురద తీరాల్లో పీహెచ్ ఇప్పటికే రోజులో ఎన్నోసార్లు కిందా మీదా అవుతుంది. ఈ పురుగులు బతికేది అక్కడే.

పులుపు నత్తనూ వదలదు. దాని గుల్ల సున్నపుదే కదా. నత్త తగ్గితే దానిలో పెరిగే పురుగుకు ఇల్లే ఉండదు.

మరి వేడి గెలిచిన చోటు ఏదీ అంటావా? డెన్మార్క్ వైపు వాడెన్ సముద్ర తీరం. 1990 వసంతం అక్కడ మామూలు కన్నా వెచ్చగా వచ్చింది. ఆ బురద మేటల్లో కోరోఫియం అనే చిన్న రొయ్యజాతి జీవి ఉంటుంది. పొడవు సెంటీమీటరు కూడా ఉండదు. అది బురదలో గొట్టాల్లాంటి బొరియలు చేసి ఆ మట్టిని పట్టి ఉంచుతుంది. నత్తల్లోంచి సెర్కేరియాలు ఒక్కసారిగా వెల్లువెత్తి వాటి మీద పడ్డాయి. కొన్ని వారాల్లో చదరపు మీటరుకు వేలల్లో ఉండే కోరోఫియం ఆ మేట మీద కనిపించకుండా పోయింది. పట్టి ఉంచేవి పోయాక మట్టి కోసుకుపోయింది. వాటిని తిని బతికే పక్షులకు తిండీ పోయింది. ఒక పురుగు పని, నేల రూపమే మారింది! ఉష్ణోగ్రత 3.8 డిగ్రీలు పెరిగితే అక్కడి కోరోఫియం ఈ పురుగు వల్ల కూలిపోవచ్చని 2005లో ఒక నమూనా లెక్క కూడా వచ్చింది.

కాబట్టి పెరుగుతాయా తగ్గుతాయా అని అడిగినవాళ్లను, ఏ పురుగు, దానికి ఎన్ని ఇళ్లు కావాలి, అందులో ఏ ఇల్లు ముందు కూలుతోంది అని ఎదురు అడుగు. నీ సెమినార్ అక్కడే మొదలవుతుంది.

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటాం. మా పక్కనున్న డెలవేర్ బేలో ఆయిస్టర్ చిప్పలను డెర్మో అనే జబ్బు చంపుతోందని విన్నాం. అది వేడి వల్లే వచ్చిందా? మనుషులకు అంటుతుందా?
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, న్యూజెర్సీ

బాబూ, మనుషులకు అంటదు. డెర్మోకు కారణం పెర్కిన్సస్ మెరైనస్ అనే ఏకకణ పరాన్నజీవి. 1940ల చివర్లో దాన్ని మెక్సికో సింధుశాఖలో కనిపెట్టారు. వెచ్చని నీరు దానికి ఇష్టం, 25 డిగ్రీలు దాటితే విజృంభిస్తుంది. ఉత్తరాది చలికాలం చాలా ఏళ్లు దానికి గోడలా అడ్డు నిలిచింది. 1990 ప్రాంతంలో వరసగా చలికాలాలు మెత్తబడ్డాయి. అంతే, డెలవేర్ బే నుంచి మసాచుసెట్స్‌లోని కేప్ కాడ్ దాకా సుమారు 500 కిలోమీటర్ల మేర రెండు మూడేళ్లలో కనిపించింది. వేడికీ పరాన్నజీవికీ ఉన్న సంబంధానికి ఇంత స్పష్టమైన ఉదాహరణలు తక్కువ.

దీని బంధువు పెర్కిన్సస్ ఓల్సేనీ మన తూత్తుకుడి ముత్యపు చిప్పల్లోనూ ఉన్నట్టు కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాళ్లు గుర్తించారు. అయితే ఇక్కడ కథ వేరు. మన నీళ్లకు చలి గోడ ఎప్పుడూ లేదు. వేసవిలో బంగాళాఖాతం పైనీరు 30 డిగ్రీలు దాటుతుంది. మీ దగ్గర పరాన్నజీవికి తలుపు తెరుచుకోవడం సమస్య. మా దగ్గర చిప్పకూ పరాన్నజీవికీ కూడా ఎంత వేడి దాకా ఓర్పు ఉందన్నదే సమస్య.

ప్రశ్న: వనామీ చెరువులో ఇ.హెచ్.పి. వచ్చి రెండు పంటలు పోయాయి. సముద్రం వేడెక్కడం, పులవడం వల్లే ఇది వచ్చిందా?
— రొయ్య రైతు, భీమవరం దగ్గర

మీ నష్టానికి బాధగా ఉంది. అయితే దాన్ని సముద్రం మీదికి నెట్టకండి, మీ చేతిలో ఉన్న పని ఆగిపోతుంది. ఇ.హెచ్.పి. కూడా పరాన్నజీవే, మైక్రోస్పోరిడియా అనే ఏకకణ జీవుల జాతిది. కానీ దానికి నత్తా పక్షీ అక్కర్లేదు, రొయ్య నుంచి రొయ్యకు నేరుగా వస్తుంది. చెరువు పీహెచ్ పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. సముద్రంలో వందేళ్లలో వచ్చిన మార్పు కన్నా మీ చెరువులో ఒక్క రోజులో వచ్చే మార్పే పెద్దది. సీడ్ (రొయ్యపిల్లలు) కొనేముందు పీసీఆర్ పరీక్ష చేయించండి. పంట తీశాక చెరువు బాగా ఎండబెట్టి, హెక్టారుకు ఆరు టన్నుల లెక్కన తడి తగలని కాల్చిన సున్నం వేసి, పది పన్నెండు సెంటీమీటర్ల లోతు దున్ని, అప్పుడు తడపండి. మట్టి పీహెచ్ 12 దాటితేనే ఆ బీజాలు చస్తాయి. సున్నం తగ్గిస్తే ఖర్చూ పోతుంది, బీజమూ మిగులుతుంది.

ప్రశ్న: వేడెక్కే సముద్రంలో పరాన్నజీవులు అంతరించిపోతున్నాయని బాధపడేవాళ్లున్నారట. పీడ విరగడైందనుకోక బాధెందుకు?
— రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, హైదరాబాద్

పదిహేనేళ్ల క్రితం నన్నడిగితే నేనూ కొంచెం తడబడేదాన్ని. ఇప్పుడు తడబడను. అమెరికా పడమటి తీరంలో ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపు పాయ ఉంది. అక్కడ 1880 నుంచి 2019 దాకా పట్టి, మ్యూజియం సీసాల్లో దాచిన 699 చేపలను, ఎనిమిది జాతులవి, కోసి లోపలి పురుగులన్నీ లెక్కపెట్టారు. పదిహేడు వేలకు పైగా తేలాయి, 85 రకాలు. ఒకటి రెండు అతిథేయులతో సరిపెట్టుకునే పురుగులు నిలదొక్కుకున్నాయి. మూడు, అంతకు మించి కావాల్సినవి మాత్రం పదేళ్లకు దాదాపు 11 శాతం చొప్పున తగ్గుతూ వచ్చాయి. నీటి ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగినప్పుడల్లా 38 శాతం తగ్గుదల. 1980 నాటికే పది రకాలు పూర్తిగా కనబడకుండా పోతే, వాటిలో తొమ్మిది ఈ గుంపువే. 2023లో ఈ లెక్క చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. గొలుసు ఎంత పొడవైతే అంత త్వరగా తెగుతోంది.

పీడ అన్నారు. కాలిఫోర్నియా ఉప్పునీటి చిత్తడి నేలల్లో కిల్లీఫిష్ అనే చిన్న చేప ఉంటుంది. ఒక ట్రెమటోడ్ దాని మెదడు మీద చేరితే అది నీటిపైకి వచ్చి పక్కకు ఒరిగి తళుక్కుమంటుంది. అలాంటి చేపలను పక్షులు మామూలు చేపల కన్నా పది నుంచి ముప్పై రెట్లు ఎక్కువ పట్టుకున్నాయి. ఆ పురుగు లేకపోతే కొంగకు అంత తేలిగ్గా కడుపు నిండదు. మీరు పీడ అంటున్నది ఆ పక్షి నోటికాడ కూడు. చేపకు నష్టం, నిజమే. కానీ ఎవరు ఎవర్ని తింటారు, ఏ జాతి ఎంత పెరుగుతుంది అనే లెక్కలో ఈ పురుగుల చేయి అన్నిచోట్లా ఉంది. అవి పోయాక ఏమవుతుందో చూద్దామనుకోవడానికి మనకు ఇంకో సముద్రం లేదు.

ప్రశ్న: మా డిగ్రీ కాలేజీ జువాలజీ మ్యూజియంలో పాత చేపల సీసాలు నలభై దాకా ఉన్నాయి. కొన్నింట్లో ద్రవం ఆవిరైపోయింది. గది ఖాళీ చేయమంటున్నారు. ఒక కానగంత సీసా మీద 1968 అని ఉంది. వీటివల్ల ఇప్పుడు ఉపయోగం ఉందా మేడమ్?
— జువాలజీ అధ్యాపకుడు, కాకినాడ

నాయనా, మీ ఉత్తరం చదవగానే లేచి నిలబడ్డాను. దయచేసి ఒక్కటి కూడా పారేయకండి.

నేను పనిచేసిన ఒక కాలేజీలో మ్యూజియం గదిని కంప్యూటర్ ల్యాబ్‌గా మార్చారు. నేను సెలవులో ఉన్న వారంలో సీసాలన్నీ వెనక కాలవలో వంపేశారు. తిరిగొచ్చేసరికి కడిగి ఆరబెట్టిన గాజు సీసాలు వరసగా ఉన్నాయి, లోపల ఏమీ లేదు. అందులో 1950ల నాటి పండుగప్పలు, వంజరాలు, సొరపిల్లలు ఉండేవి. వాటి కడుపులో ఏముందో ఇక ఎవరూ చూడలేరు.

ఆంధ్రా విశ్వవిద్యాలయంలో కె. హనుమంతరావు గారు, తర్వాత ఆర్. మాధవి గారు వాల్తేరు తీరపు చేపల్లోని ట్రెమటోడ్‌లను దశాబ్దాల పాటు వర్ణించారు. ఏ పురుగు ఎలా ఉంటుందో మనకు వాళ్ల పుణ్యాన తెలుసు. అప్పట్లో ఎన్ని ఉండేవి, ఇప్పుడు ఎన్ని అన్నది తేలాలంటే మాత్రం పాత చేప కావాలి. చేప చచ్చి సీసాలోకి వెళ్లినా లోపలి పురుగు అక్కడే ఉంటుంది. ప్యూజెట్ సౌండ్ లెక్క అలాగే వచ్చింది. మీ 1968 కానగంత, విశాఖ గృహిణి ఇప్పుడు కొనే కానగంత పక్కపక్కన పెడితేనే ఆవిడ మొదటి ప్రశ్నకు మన తీరం నుంచి జవాబు మొదలవుతుంది. ఒక్క చేపతో తేలదు, కానీ ఇలాంటి నలభై సీసాల గదులు ఇంకెన్ని ఉన్నాయో.

ముందు ప్రతి సీసాకూ, దాని చీటీకీ ఫోటో తీయండి. చీటీని ఊడదీయకండి, చెరిగిపోతున్నా సరే. దాని మీది తేదీ, ఊరు లేకపోతే చేప విలువ సగానికి పైగా పోతుంది. కొత్త చీటీ రాస్తే పెన్సిలుతో రాసి సీసా లోపలే వేయండి, పెన్ను సిరా స్పిరిట్‌లో కరిగిపోతుంది. లోపలున్నది ఫార్మలిన్ అయితే కిటికీలు తెరిచి, చేతి తొడుగులు వేసుకోండి. ఆ చేపను ఒకటి రెండు రోజులు నీళ్లు మారుస్తూ నానబెట్టి, 30, 50, 70 శాతం ఆల్కహాల్‌లోకి మెట్టు మెట్టుగా మార్చండి. ఎండిపోయినవాటిని అలాగే పొడి డబ్బాలో ఉంచండి, నానబెట్టే ప్రయత్నం మీరు చేయొద్దు. పిల్లలకు చూపించాలని కడుపు కోయొద్దు. పాత స్టాకు రిజిస్టర్ ఎక్కడైనా ఉంటే సీసాల కన్నా ముందు దాన్ని ఇంటికి తీసుకెళ్లి దాచండి. గది తప్పదంటే కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ విశాఖ కేంద్రానికి ఉత్తరం రాయండి. ప్రిన్సిపాల్ గారికి ఇవ్వడానికి నేనొక ఉత్తరం వేరుగా పంపుతున్నాను.

ఆ కానగంత చీటీ ఫోటో మాత్రం ఈ వారమే పంపండి. వెనక వైపు కూడా తీయండి, ఏ వల, ఎంత లోతు అన్నది అప్పటి వాళ్లు తరచుగా అక్కడ రాసేవారు.